వయసు మీదపడిన యాక్షన్ హీరోల చిన్న సినిమాలు: పట్టు ఎక్కడుంది, లోపం ఎక్కడుంది?

ప్రశ్న: చెరువుగట్టు, భీమవరం

సభ్యులందరికీ నమస్కారం. మా వైపు రొయ్యల చెరువుల మీద రాత్రిపూట ఎవరో ఒకరు మెలకువగా ఉండక తప్పదు. చీకటి పడ్డాక నీటిలో ప్రాణవాయువు తగ్గిపోతుంది కనుక తెల్లవారే వరకు ఏరేటర్లు తిరుగుతూనే ఉండాలి, కరెంటు పోతే వెంటనే జనరేటరు వేయాలి. ఆ కాపలా వేళల్లో మా నాన్నగారూ, ఆయన ఈడువాళ్ళూ ఫోనులో చూసేవి ఎక్కువగా తెలుగులోకి డబ్బింగ్ చేసిన ఇంగ్లీషు యాక్షన్ సినిమాలే. వాటిలో కూడా కొత్త హీరోల భారీ చిత్రాలకంటే, ఒకప్పుడు వెలిగిన హీరోలు అరవై దగ్గరపడ్డాకో, దాటాకో తక్కువ ఖర్చుతో చేసినవే వాళ్ళకు ఇష్టం. వాళ్ళ పక్కన కూర్చుని చూస్తూ చూస్తూ నాకూ ఆ సినిమాల మీద ప్రేమ కలిగింది.

ప్రేమ ఉంది కాబట్టే అడుగుతున్నాను. కొన్ని సినిమాల్లో హీరో నాలుగు మెట్లెక్కి, ఆయాసంతో ఒక్క క్షణం గోడకు ఆనుకుంటే చాలు, తరువాత వచ్చే కొట్లాటలో ఆయనకు ఏమవుతుందోనని మేమంతా ఊపిరి బిగబట్టి చూస్తాం. మరికొన్నింటిలో పోస్టరు నిండా ఆయన ముఖమే ఉంటుంది కానీ, సినిమా మొత్తం మీద ఆయన కనిపించేది కాసేపే. ఆ కాసేపూ కుర్చీలో కూర్చుని ఫోనులో ఆజ్ఞలు ఇస్తుంటాడు. కొట్లాట మొదలయ్యేసరికి ముఖం చీకట్లోకి వెళ్ళిపోతుంది. రెండూ చిన్న సినిమాలే, రెండింటిలోనూ వయసు ఒకటే, ఒక్కొక్కసారి హీరో కూడా ఒకరే. మరి ఒకటి నిలబడి రెండోది ఎందుకు కూలిపోతోంది? డబ్బు చాలకనా, వయసు సహకరించకనా, లేక తీసేవాళ్ళ ఉద్దేశమే వేరా? ఈ రంగం తెలిసినవారు కాస్త వివరంగా చెప్పాలని కోరుతున్నాను.

సమాధానం: ఎడిటింగ్ టేబుల్, రాజమహేంద్రవరం

చెరువుగట్టు గారూ, నేను కొన్నేళ్ళు హైదరాబాదులో ఎడిటింగ్ విభాగంలో పనిచేశాను కనుక ఆ వైపు నుంచే చెబుతాను. మీరు గమనించిన తేడా చాలా వరకు హీరో ఇచ్చిన కాల్షీట్లలో, అంటే షూటింగుకు కేటాయించిన రోజుల్లో ఉందని నా అభిప్రాయం.

హీరో ఒకటి రెండు రోజులకు మించి ఇవ్వనప్పుడు, కథలో ఆయన భాగం మొదట్లో వచ్చినా చివర్లో వచ్చినా, అన్నీ ఒకే గదిలో వరుసగా తీసుకోవాల్సి వస్తుంది. ఎదుటి పాత్రధారి చాలాసార్లు ఆ రోజు అక్కడ ఉండడు. అతని తరఫున అసిస్టెంటు డైరెక్టరు డైలాగు చదువుతుంటే హీరో కెమెరా పక్కకు చూస్తూ జవాబు చెబుతాడు. తరువాత ఎప్పుడో ఎదుటివాడి షాట్లు తీసేటప్పుడు, హీరో పోలికలున్న డూప్‌ను వీపు మాత్రమే కనిపించేలా నిలబెడతారు. ఈ రెండింటినీ మేము టేబుల్ మీద అతికిస్తే సంభాషణ తయారవుతుంది కానీ, ఇద్దరు మనుషులు నిజంగా ఒక గదిలో ఎదురుపడినప్పుడు వారి కళ్ళలో కలిగే మార్పు మాత్రం ఎంత అతికినా రాదు. ప్రేక్షకుడికి కారణం తెలియకపోవచ్చు, లోటు మాత్రం తెలిసిపోతుంది.

ఫైట్ల దగ్గర ఇది మరింత బయటపడుతుంది. డూప్ ముఖం కనిపించకూడదు కాబట్టి షాట్లు పొట్టివవుతాయి, కెమెరా ఊగుతుంది, లైటింగు తగ్గుతుంది. సెకనుకు 24 ఫ్రేములకు బదులు 22 ఫ్రేములతో తీసి మామూలు వేగంతో చూపిస్తే దెబ్బ కాస్త చురుగ్గా కనిపిస్తుంది. ఇది ఫైట్ మాస్టర్లందరికీ తెలిసిన పాత పద్ధతి, మితంగా వాడితే అందులో తప్పులేదు. మితం తప్పితే పెద్దవాడి శరీరంలోని బరువు పోతుంది, ఆ బరువే కదా మనం చూడటానికి వచ్చింది. తుపాకుల విషయంలోనూ అంతే. సెట్లో ఉత్తుత్తి తూటాలు పేల్చాలంటే ఆయుధాల బాధ్యత చూసే మనిషి, అనుమతులు, జాగ్రత్తలు, అన్నింటికంటే ముఖ్యంగా సమయం కావాలి. తరువాత కంప్యూటరులో మంట అతికించడం చవక. అయితే అలా అతికించిన మంట వెలుగు పేల్చినవాడి చెంప మీద పడదు, తుపాకీ వెనక్కి తన్నదు, భుజం కదలదు. చిన్న సినిమాల్లో కాల్పులు బొమ్మలాటలా కనిపించడానికి ఇది ఒక పెద్ద కారణం.

డబ్బు గురించి కూడా అడిగారు కనుక ఒకే వరుసలోని రెండు చిత్రాలను పక్కపక్కన పెట్టి చూడండి. లియామ్ నీసన్ 1952లో పుట్టారు. 2008లో ‘టేకెన్’ విడుదలయ్యే నాటికి ఆయనకు యాభై ఐదేళ్ళు. ఆ చిత్రానికి అయిన ఖర్చు సుమారు 2.5 కోట్ల డాలర్లు, హాలీవుడ్ యాక్షన్ చిత్రాల లెక్కలో అది చిన్న మొత్తం. వసూళ్ళు 22 కోట్ల డాలర్లు దాటాయి. అందులో ఆయన ఎగిరి తన్నడు. దగ్గరకు వెళ్ళి, మోచేత్తోనో అరచేత్తోనో కొట్టి, ఎదుటివాడు తేరుకునేలోగా ముందుకు సాగిపోతాడు. షాట్లు అక్కడా పొట్టివే, కానీ ఆ ఎత్తైన మనిషి గదిలోకి వచ్చాడన్న సంగతి మనకు ప్రతిసారీ తెలుస్తుంది. 2014 చివర్లో వచ్చిన ‘టేకెన్ 3’కి మొదటిదానికి దాదాపు రెట్టింపు ఖర్చయింది. అందులో ఆయన ఒక ఇనుప కంచె దూకే దృశ్యం కొద్ది సెకన్లే ఉంటుంది, ఆ కొద్ది సెకన్లలో పదికి పైగా కట్లు, అంటే ఒక షాటు నుంచి మరో షాటుకు మారడాలు ఉన్నాయి. అంత ఖర్చు పెట్టగలిగినవాళ్ళు ఆయన కంచె దూకనవసరం లేని సన్నివేశాన్ని రాసుకుని ఉండవచ్చు. తలుపు తీసుకుని వెళ్ళినా మనం నమ్మేవాళ్ళం.

నాకు ఎంతో ఇష్టమైన ఉదాహరణ మరొకటి ఉంది. జాన్ క్లాడ్ వాన్ డామ్ తన పేరుతో తానే పాత్రగా నటించిన ‘జేసీవీడీ’ అనే చిత్రం 2008లో వచ్చింది. అది ఒకే షాటులో సాగే సుదీర్ఘమైన ఫైటుతో మొదలవుతుంది. ఫైటు ముగిసేసరికి ఆయన రొప్పుతూ దర్శకుడి దగ్గరకు వెళ్ళి, ఈ వయసులో ఇదంతా ఒకే షాటులో చేయడం తన వల్ల కావడం లేదని చెప్పుకుంటాడు. తరువాత ఒకచోట కథను ఆపి, కెమెరా వైపు తిరిగి, నిమిషాల తరబడి కట్ లేకుండా తన జీవితం గురించి మాట్లాడతాడు. వయసును దాచడానికి కట్లు వాడే పరిశ్రమలో, వయసును చూపడానికి కట్ చేయకుండా ఉండటం ఎంత ధైర్యమో ఎడిటరుగా నాకు తెలుసు.

సమాధానం: పాత రీళ్ళు, పాలకొల్లు

ఎడిటింగ్ టేబుల్ గారి మాటలతో ఏకీభవిస్తున్నాను, అయితే ఆ ఒకటి రెండు రోజుల కాల్షీటు ఎందుకు పుట్టిందో వ్యాపారం వైపు నుంచి కూడా చూడాలి. నేను పశ్చిమ గోదావరిలో మొదట ఒక పంపిణీ కార్యాలయంలో, తరువాత థియేటరులో చాలాకాలం పనిచేసినవాణ్ణి.

ఈ ఇంగ్లీషు చిత్రాలను తీయకముందే అమ్ముతారు. పైరు కోతకు రాకముందే ధాన్యానికి బయానా పుచ్చుకున్నట్టు, కేన్స్‌లో జరిగే సినిమా సంతలోనో, 1981లో మొదలైన అమెరికన్ ఫిల్మ్ మార్కెట్‌లోనో ఒక్కొక్క దేశపు హక్కులకు ఒప్పందాలు చేసుకుంటారు. ఆ ఒప్పంద పత్రాలను చూపి అప్పు తెచ్చి, పన్ను రాయితీ ఇచ్చే రాష్ట్రంలోనో, ఖర్చు తక్కువగా ఉండే బల్గేరియా, రుమేనియా వంటి దేశాల్లోనో షూటింగు పెట్టుకుంటారు. కొనేవాడు కథ చదవడు, హీరో ఎవరని అడుగుతాడు. ముఖం తెలిసిన హీరో ఉంటే చాలు, ఆయన ఎన్ని నిమిషాలు కనిపిస్తాడన్నది తరువాతి మాట. అందువల్ల బడ్జెట్టులో పెద్ద భాగం ఆయన కొద్దిరోజుల పారితోషికానికి పోయి, మిగిలిన సినిమా అంతా మిగిలిన డబ్బుతో తీయాల్సి వస్తుంది. 1980లలో కేనన్ ఫిల్మ్స్ యజమానులు మేనహెమ్ గోలన్, యోరమ్ గ్లోబస్ ఈ పద్ధతిని పెద్ద ఎత్తున నడిపారు; సినిమా పుట్టకముందే పోస్టరు సిద్ధమయ్యేది. అయినా న్యాయంగా చెప్పాలంటే, వాళ్ళు ఛార్లెస్ బ్రాన్సన్‌ను దాచలేదు. ఆయన 1921లో పుట్టారు, ‘డెత్ విష్’ మొదటి భాగం 1974లోనూ, అయిదో భాగం 1994లోనూ వచ్చాయి. డెబ్భై రెండేళ్ళ వయసులో కూడా కథ ఆయన భుజాల మీదే నడిచింది. ఆ భాగాల్లో కథలు క్రమంగా పలచబడ్డాయన్నది కాదనలేను, కానీ డబ్బు పెట్టి టిక్కెట్టు కొన్నవాడికి బ్రాన్సన్ దొరికాడు.

మన దేశంలో దీనికి పోలిక ఊటీలో ఉంది. 1990లలో మిథున్ చక్రవర్తి ఊటీలో స్థిరపడి, అక్కడే హోటలు నడుపుతూ, అక్కడికే వచ్చి షూటింగు చేసుకునే నిర్మాతలకు వరుసగా చిన్న యాక్షన్ చిత్రాలు చేశారు. యూనిట్టు తిరగనక్కర్లేదు, రోజులు కలిసొస్తాయి, ఉత్తరాది చిన్న కేంద్రాల్లో పెట్టుబడి వెనక్కి వస్తుంది. అదే కాలంలో ఆయన ‘తాహాదేర్ కథ’ అనే బెంగాలీ చిత్రానికి జాతీయ ఉత్తమ నటుడు అవార్డు కూడా అందుకున్నారు. నటన తగ్గి చిన్న సినిమాల్లోకి దిగారని వాటిని చిన్నచూపు చూసేవాళ్ళు ఈ రెండో సంగతి మరచిపోకూడదు. ఆ చిత్రాలు చూసిన రిక్షా కార్మికుడికీ, హోటల్లో పనిచేసే కుర్రవాడికీ మిథున్ ప్రతి ఫ్రేములోనూ దక్కాడు, అందుకే ఆ ప్రేక్షకులు ఏళ్ళ తరబడి ఆయనను వదలలేదు.

మా సెంటర్లలో డబ్బింగ్ యాక్షన్ చిత్రాలు ఎక్కువగా మార్నింగ్ షోలకు వచ్చేవి. వాల్‌పోస్టరు మీద ముఖం చూసి లోపలికి వచ్చిన రైతుకూలీకి, ఆ ముఖం ఇంటర్వెల్ దాకా కనిపించకపోతే జరిగేది మోసమే. బయ్యరు అవుట్‌రేటుకు, అంటే హక్కులకు ఒకేసారి మొత్తం డబ్బు కట్టి కొన్న సినిమా పోతే అతను ఒక్కసారి నష్టపోతాడు, థియేటరు మాత్రం ప్రేక్షకుడి నమ్మకం పోగొట్టుకుంటుంది. ఇప్పుడు మన తెలుగు చిత్రాలకు కూడా శాటిలైట్, ఓటీటీ, హిందీ డబ్బింగ్ హక్కుల సొమ్ము ముందే లెక్కలోకి వస్తోంది. థియేటరు ప్రేక్షకుడిని లెక్కలోంచి తీసేసిన రోజున మన పెద్ద హీరోలతోనూ ఇటువంటి సినిమాలే వస్తాయని నా భయం.

చివరిగా గొంతు గురించి ఒక మాట. స్టీవెన్ సెగాల్ చేసిన కొన్ని చిత్రాల్లో ఆయన డైలాగులకు వేరొకరి గొంతు వాడారని అభిమానులు బాధపడుతుంటారు. మనకు అరువు గొంతు కొత్త కాదు. మా పాలకొల్లుకు చెందిన కోడి రామకృష్ణ గారు 1989లో తీసిన ‘అంకుశం’లో రాజశేఖర్ గారికి సాయికుమార్ గారు గొంతు ఇచ్చారు, ఆ చిత్రాన్ని జనం నెత్తిన పెట్టుకున్నారు. తెరమీది మనిషి కళ్ళూ, మెడ నరాలూ ఆ కోపాన్ని పూర్తిగా మోశాయి కనుక గొంతు అందులో కలిసిపోయింది. మనిషే సగం పనికి హాజరు కానప్పుడు ఏ గొంతు పెట్టినా విడిగా వినిపిస్తుంది.

సమాధానం: జగన్నాథపురం ఫిజియో, కాకినాడ

నమస్కారమండీ. పాత రీళ్ళు మాస్టారూ, మీరు చెప్పిన బ్రాన్సన్ ఉదాహరణ చదివాక శరీరం గురించి కొంత చెప్పాలనిపించింది. నేను ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను, ఇంట్లో అందరం ఈ సినిమాలు చూస్తాం.

ముప్ఫై దాటాక పదేళ్ళకు సుమారు 3 నుంచి 8 శాతం వరకు కండ తగ్గుతుందనీ, అరవై దాటాక ఆ తగ్గుదల మరింత వేగం అందుకుంటుందనీ మా చదువుల్లో చెబుతారు. అయితే అన్నీ సమానంగా తగ్గవు. బలంకంటే చురుకు ముందు తగ్గుతుంది. అంటే, వ్యాయామం మానని అరవై ఏళ్ళ మనిషి ఎదుటివాడి చొక్కా పట్టుకుని గోడకు అదిమి పెట్టగలడు, పట్టు వదలకుండా నిలబడగలడు. కానీ గాలిలోకి లేచి వరుసగా మూడు తన్నులు తన్నడం, ఎత్తునుంచి దూకి వెంటనే పరుగెత్తడం అతనికి చాలా కష్టం. దూకినప్పుడు మోకాళ్ళ మీద శరీర బరువుకు కొన్ని రెట్ల భారం పడుతుంది, దెబ్బ తగిలితే కోలుకోవడానికి చిన్నవాళ్ళకంటే ఎక్కువ రోజులు పడుతుంది. అందువల్ల ఎడిటింగ్ టేబుల్ గారు మెచ్చుకున్న మోచేతి దెబ్బలు మా లెక్కలో కూడా సరైనవే. పట్టులు, తోపులు, తలుపు సందులో ఇరికించడం, చేతికి దొరికిన వస్తువుతో కొట్టడం, కొట్టాక ఆయాసపడటం వంటివి పెట్టుకుంటే పెద్ద వయసు హీరోకు డూప్ అవసరం తగ్గుతుంది, ఖర్చూ తగ్గుతుంది, నమ్మకమూ పెరుగుతుంది. మంచి ఫైట్ మాస్టరు ముందుగా హీరో నడక చూసి, ఏ మోకాలు నొప్పో తెలుసుకుని, దాని ప్రకారం ఫైటు కట్టుకోవాలని నేను కోరుకుంటాను.

ఇక్కడ ఎవరూ బ్రూస్ విల్లిస్ పేరు ఎత్తలేదు, ఎత్తకుండా ఈ చర్చ పూర్తికాదు. 2021లో ఆయన నటించిన ఎనిమిది చిన్న చిత్రాలను చూపి, చెత్త సినిమాలకు అవార్డులిచ్చే అమెరికా సంస్థ రాజీస్ ఆయన కోసమే ఒక ప్రత్యేక విభాగం పెట్టింది. 2022 మార్చిలో ఆయనకు మాట, భాషా గ్రహణం దెబ్బతినే అఫేసియా ఉన్నదనీ, నటన నుంచి తప్పుకుంటున్నారనీ కుటుంబం ప్రకటించింది. సంస్థ ఆ అవార్డును వెంటనే ఉపసంహరించుకుంది. 2023 ఫిబ్రవరిలో అది ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా అని కుటుంబమే తెలిపింది. ఈ జబ్బు ఒక్కరోజున బయటపడేది కాదు. మాటలు తడబడటం, వాక్యాలు పొట్టివవడం, ముఖంలో స్పందన తగ్గడం నెమ్మదిగా మొదలవుతాయి, పక్కనున్నవారికి చాలాకాలం అది విసుగులానో బద్ధకంలానో కనిపిస్తుంది. తెరమీద పెద్ద నటుడు నిరాసక్తంగా ఉన్నాడని తేల్చేసేముందు ప్రేక్షకులం ఒక క్షణం ఆగాలి. నిర్మాతలకైతే ఇది అంతకంటే పెద్ద బాధ్యత. వయసు మళ్ళిన మనిషిని పనికి పిలిచినప్పుడు రోజుకు ఎన్ని గంటలు, డైలాగులు ఎన్ని, పక్కన వైద్యుడు ఉన్నాడా అన్నది ఒప్పందంలోనే రాసుకోవాలి. ఆయన పాత చిత్రాల్లో చెమట, రక్తం, భయం కలిసిన ఆ ముఖాన్ని చూసి పెరిగినవాళ్ళకు ఈ చివరి చిత్రాలు చూడటం ఎంత బాధగా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

సమాధానం: మండపేట నుంచి ఒక అభిమాని

మీ అందరి విశ్లేషణా బాగుంది, కానీ ఒక లాభం మీ లెక్కల్లోంచి జారిపోయింది. పెద్ద హీరో పేరు మీద వచ్చిన డబ్బుతోనే కొత్తవాళ్ళకు పని నేర్చుకునే చోటు దొరుకుతోంది. ‘యూనివర్సల్ సోల్జర్’ వరుసలో జాన్ హైమ్స్ దర్శకత్వం వహించిన 2009, 2012 నాటి చిత్రాలే తీసుకోండి. పోస్టరు మీద వాన్ డామ్, డాల్ఫ్ లండ్‌గ్రెన్ పేర్లు ఉన్నాయి కాబట్టే అవి తయారయ్యాయి. వాటిలో దర్శకుడు పొడవైన షాట్లతో ఫైట్లు తీసి చూపించాడు. 2012 నాటి దానిలో బరువంతా మోసినవాడు అప్పటికి వాళ్ళంత పేరులేని స్కాట్ ఆడ్కిన్స్. భారీ చిత్రాల్లో నాలుగు వందల మంది కూర్చుని ఒక్కొక్క షాటును నిర్ణయిస్తారు; ఇక్కడ ఫైట్ మాస్టరు, కెమెరామేన్, దర్శకుడు ముగ్గురూ మాట్లాడుకుని సాహసం చేయవచ్చు. పెద్దాయన కాసేపే కనిపించినా, ఆ నీడలో ఎదిగినవాళ్ళను చూసి నేను ఆ సినిమాను క్షమించేస్తాను.

సమాధానం: చెరువుగట్టు, భీమవరం

అందరికీ కృతజ్ఞతలు. విల్లిస్ గారి సంగతి నాకు తెలుసు కానీ, ఆ ఎనిమిది చిత్రాలూ ఆ జబ్బు నేపథ్యంలో ఎలా చూడాలో ఫిజియో గారి మాటల వల్లనే అర్థమైంది. మండపేట మిత్రులతో మాత్రం పూర్తిగా ఏకీభవించలేను. కొత్తవాడు మోసే సినిమా అయితే పోస్టరు మీద అతని ముఖం కూడా అంతే పెద్దగా వేయాలి, అప్పుడు చూసేవాడు తెలిసే చూస్తాడు. ఎడిటింగ్ టేబుల్ గారిని మరొకటి అడగాలి. సినిమా అంతా చూసి నిరాశపడకుండా, ట్రైలరు చూసి ముందే గుర్తుపట్టే మార్గం ఏదైనా ఉందా?

సమాధానం: ఎడిటింగ్ టేబుల్, రాజమహేంద్రవరం

ఉందండీ, చాలా వరకు తెలిసిపోతుంది. హీరోతో పాటు ఇంకో ముఖ్య పాత్రధారి ముఖం ఒకే ఫ్రేములో, ఇద్దరి ముఖాలూ స్పష్టంగా కనిపించే షాటు ఒక్కటైనా ఉందేమో చూడండి. ట్రైలరు మొత్తంలో అటువంటిది లేకపోతే ఇద్దరూ వేరువేరు రోజుల్లో పనిచేశారని అనుమానించవచ్చు. హీరో తల నుంచి పాదాల వరకు కనిపిస్తూ నడిచే షాటు వెతకండి. ఆయన వేసుకున్న చొక్కా, వెనుకనున్న గోడ ప్రతిచోటా ఒకటే అయితే అదంతా ఒకరోజు పని. దెబ్బ కొట్టే క్షణంలో ముఖం కనిపిస్తే చూడవచ్చు, ప్రతి దెబ్బకూ వీపో, చీకటో, పొగో అడ్డం వస్తే మీ నాన్నగారి రాత్రిని మరో సినిమాకు ఇవ్వండి. దర్శకుడి పేరూ, ఫైట్ మాస్టరు పేరూ చూసుకోవడం కూడా అలవాటు చేసుకోండి. ఒకసారి హీరోను గౌరవంగా చూపినవాళ్ళు తరువాతి చిత్రంలోనూ సాధారణంగా అలాగే చూపుతారు.